రెండో కంటికి దాచిన గింజలు

పెళ్ళికూతురి రవికెకు చేతులు అతుకుతుంటే విరుదునగరం నుంచి ఫోన్ వచ్చింది. చిన్నత్త కొడుకు. "అమ్మ పోయింది" అని అరవంలో ఒక్క మాట చెప్పాడు. ఆ వెంటనే "తిన్నావా" అని అడిగాడు. తిన్నానన్నాను, అదీ అరవంలోనే. ఫోన్ పెట్టేశాక కుట్టుమిషను మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాను. ఈ సంగతి ఎవరికైనా నా మాటల్లో చెప్పుకోవాలనిపించింది. మా వీధిలో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే. ఆ ఒక్క మనిషే పోయింది. చివరికి గోడవైపు తిరిగి, "చిన్నత్త పోయింది" అని నాకు వినపడేలా ఒకసారి అనుకున్నాను.

ఆ గోడ అవతలే ఆమె ఇల్లు. మా నాన్నకు ఆఖరి చెల్లెలు. మీకెవరికీ ఆమె తెలియదు. కోవిల్‌పట్టిలోనే మా వీధి దాటితే ఎక్కువమందికి తెలియదు. వేరుశెనగ మిఠాయి చేసే ఒక చిన్న కొట్టంలో గింజలు ఏరే పని ఆమెది. మొగుడు పోయాక ఆ పనిలో చేరింది, డెబ్బై దాటినా మానలేదు. కొడుకు విరుదునగరంలో గోడౌన్లో పని చేస్తాడు. వచ్చి తనతో ఉండమని పిలిచేవాడు. "ఆడికి వస్తే నేను ఎవురితో మాట్లాడేది? నీ పిల్లోల్లు నా మాటకు నవ్వుతారు" అనేది. మనవళ్ళకు తెలుగు రాదు. నవ్వేది నిజమే, కానీ ప్రేమగానే నవ్వేవాళ్ళు. చిన్నత్తకు ఆ తేడా పట్టేది కాదు.

ఆ నవ్వు నాకూ తెలుసు. నన్ను తిరుపతి వైపు, చదువుకున్నవాళ్ళ ఇంటికి ఇచ్చారు. అక్కడ నేను నోరు తెరిస్తే చాలు, ఇంటిల్లిపాదీ నా వైపు తిరిగేవాళ్ళు. ఉంది అనడానికి ఉండాది అంటానని, చూడమనడానికి సూడమంటానని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఆ ఊళ్ళోనే పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను. ఆయన పోయాక తిరిగొచ్చేసి చిన్నత్త పక్క ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్నాను. వచ్చిన రోజు ఆమె నన్ను వాటేసుకుని ఏడవలేదు. గుమ్మంలో నిలబడి నేను పలకరించింది విని, పైనుంచి కిందకు చూసి, "మాట మార్సుకొని వస్తావనుకున్నా. మారలేదు. సరి, లోపలికి రా" అంది. ఆ రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆమె పని గురించి చెప్పాలి. లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

కొట్టానికి విరుదునగరం నుంచి గింజల మూటలు వచ్చేవి. ఉత్తరం కిటికీల కింద ఆడవాళ్ళు వరసగా చాపల మీద కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని ఏరేవాళ్ళు. ముడతలు పడ్డవి, రంగు మారినవి, మొలక వచ్చినవి, పప్పు విప్పితే లోపల పచ్చటి బూడిదలాంటిది కనిపించేవి అన్నీ పక్కకు. వీటిని తాలు అంటారు. మంచి గింజ వేయించడానికి పోతుంది, అక్కణ్ణుంచి బెల్లం పాకంలోకి. బూజు పట్టిన గింజలో విషం పుడుతుందని, అది వేయించినా ఉడికించినా పోదని ఇప్పుడు చాలామందికి తెలుసు. పాకంలో కలిశాక ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. చేట మీద ఉన్నప్పుడు తీసేస్తేనే తీసేసినట్టు.

చిన్నత్త వరసలో ఒక పద్ధతి ఉండేది. అది ఆమె పెట్టిందో, అంతకు ముందు నుంచే ఉందో నాకు తెలియదు. స్పష్టంగా చెడ్డదైతే ఎవరికి వాళ్ళు తీసేస్తారు. అనుమానం వచ్చిన గింజను మాత్రం ఒక్కరే తేల్చకూడదు. అరచేతిలో పెట్టి పక్క చేట మనిషికి చూపించాలి. ఆమె కూడా బాగుందంటేనే మంచిది. ఇద్దరికీ కుదరకపోతే వాదించకుండా తాలులో వేసెయ్యాలి. "మన కన్ను మన మాటే ఇంటాది" అనేది చిన్నత్త. "ఏరి ఏరి సాయంత్రానికి అన్నీ మంచివే అనిపిస్తాయి. ఇంకో కన్ను ఉండాల."

ఆమెకు ఆ ఇంకో కన్ను పక్క చేటలో ఉండే ఒక అరవ ఆమె. వయసులో కాస్త చిన్నది. చిన్నత్త ఆమెను పేరుతో పిలవడం నేను వినలేదు, "మా పక్కసేట" అనేది. నేను పక్కచేట అక్క అంటాను. ఈమె తెలుగులో అడిగేది, ఆమె అరవంలో చెప్పేది. చిన్నత్త అరవం బాగానే మాట్లాడేది గానీ గింజ చూపించేటప్పుడు మాత్రం తన నోటికి వచ్చిన మాటే వచ్చేది. "ఎట్లుండాది?" అని చెయ్యి చాపేది. పక్కచేట అక్క కళ్ళు చిట్లించి చూసి తలూపేదో, పెదవి విరిచేదో. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో పోయేవాళ్ళు. ఒకరి డబ్బాలో కూర ఒకరు తినేవాళ్ళు. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళు కూడా పనికి పోకుండా ఇంట్లో కూర్చున్న రోజులున్నాయి. యజమాని తల బాదుకునేవాడు.

ఏరిన తాలు ఏమయ్యేదంటే, వారం చివర ఆడవాళ్ళే తలా ఒక సంచి ఇంటికి తీసుకుపోయేవాళ్ళు. అది వాళ్ళ హక్కు కింద లెక్క. తిండికి పనికిరానిది పశువుకు పనికొస్తుందని అందరి నమ్మకం. కొందరు దంచి కుడితిలో కలిపేవాళ్ళు. కొందరు గానుగ ఆడించి, నూనె పోగా మిగిలిన చెక్క ఆవుకు పెట్టేవాళ్ళు. వానలు లేక గడ్డి దొరకని మా పక్క ఊళ్ళల్లో అది చిన్న సంగతి కాదు. పారెయ్యడానికి చేతులు రావు కూడా. ముడతలు పడినా గింజ గింజే గదా అనుకుంటాం.

చిన్నత్తకు ఒక ఆవు ఉండేది. చేవంతి అని పిలిచేది. దానికి దూడ పుట్టిన ఏడాది వాన ఎడతెరిపి లేకుండా పట్టింది, ఆ ఏడు మూటల్లో తాలు ఎక్కువ వచ్చింది. చిన్నత్త సంతోషపడింది. చెక్క ఎక్కువ పెడితే పాలు ఎక్కువ ఇస్తుందని, దూడ కూడా నాలుక చాపుతోందని దానికీ ఇంత పెట్టేది. నెమ్మదిగా ఆవు మేత మానింది. పాలు తగ్గాయి. దూడ లేవలేక కాళ్ళు ముడుచుకుని పడుకునేది. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. దూడను చూశాక తొట్లో చెయ్యి పెట్టి చెక్క తీసి వాసన చూసింది. "పరీక్ష చెయ్యకుండా తేల్చి చెప్పలేనమ్మా. కానీ ఈ బూజు పట్టిందాన్ని మానెయ్యండి. చిన్న ప్రాణం తట్టుకోలేదు" అంది. పోతూ పోతూ ఇంకో మాట కూడా చెప్పింది. తల్లి తిన్న విషంలో కొంత పాలల్లోకి కూడా వస్తుందని, ఈ పాలు కొన్నాళ్ళు పిల్లలకు పొయ్యొద్దని.

దూడ చచ్చిపోయింది. ఆవు మేత మార్చాక కోలుకుంది. చిన్నత్త చాలారోజులు ఆ తొట్టి దగ్గరే కూర్చునేది. "నేనే ఏరి, నేనే మోసకొచ్చి, నేనే పెట్టినా" అని ఒకసారి అంది. నేను ఏదో ఓదార్పు చెప్పబోయాను. "సుమ్మా ఉండు పాపా" అంది, ఊరికే ఉండమని. యాభై దాటిన నన్ను పాపా అని పిలిచేది ఆమె ఒక్కతే.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. చిన్నత్త మంచిదే. కానీ ఆమె నోటికి సమయం, సందర్భం తెలియవు.

పక్కచేట అక్క మనవడికి పేరు పెట్టే వేడుక. మేమిద్దరం పోయాం. ఇల్లంతా చుట్టాలు. అక్క స్వయంగా గ్లాసులో పాయసం తెచ్చి చిన్నత్త చేతికి ఇచ్చింది. చిన్నత్త నోటిదాకా తీసుకుపోయి ఆపింది. "ఇవి మీ ఆవు పాలేనా?" అని అడిగింది అరవంలో. అక్క గర్వంగా అవునంది. "తాలు పెడుతున్నావా ఇంకా?" అని అడిగింది. అక్క చుట్టాల వైపు చూసింది. చిన్నత్త గ్లాసు కింద పెట్టి, "ఈ పాలు పిల్లోడికి పొయ్యొద్దు" అంది. అందరికీ వినపడింది. పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న కోడలి ముఖం తెల్లబోయింది. వియ్యపురాలు గ్లాసు వైపు చూసి తన గ్లాసు కూడా కింద పెట్టేసింది.

"నా ఇంటి పాలు విషమంటావా?" అంది అక్క. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

చిన్నత్త విషయం చెప్పబోయింది గానీ అప్పటికే మాట చెయ్యి దాటిపోయింది. దారంతా ఆమె నాతో ఒకటే అంటూ వచ్చింది. "తప్పు సెప్పినానా? పిల్లోడు గదా. దూడకు ఎవురూ సెప్పలేదు." తప్పు చెప్పలేదు. కానీ అక్కను లోపలికి పిలిచి చెవిలో చెప్పొచ్చు. ఆ మాట నేనంటే ముఖం అటు తిప్పుకుంది. పట్టిన పట్టు విడిచే రకం కాదు.

ఆ సోమవారం ఆమె యజమాని దగ్గరికి పోయి తాలు ఎవరికీ ఇవ్వొద్దని అడిగింది. ఆయన పశువుల డాక్టరమ్మను కనుక్కుని, సరేనని కొట్టం వెనక గుంట తవ్వించాడు. ఏరిన తాలు రోజూ అందులో పోసి మీద సున్నం చల్లాలి. ఆడవాళ్ళు భగ్గుమన్నారు. ఒక్క మాటతో అందరి సంచులూ ఖాళీ అయ్యాయి. "నీ దూడ చస్తే మా పశువుల నోరు కొడతావా" అని ముఖం మీదే అడిగారు. చిన్నత్త సమాధానం చెప్పింది, ఓపిగ్గానే చెప్పింది, ఎవరూ చెవిన వేసుకోలేదు. మర్నాడు పొద్దున పక్కచేట అక్క తన చాప చుట్టుకుని వరసలో ఆ చివరికి పోయి కూర్చుంది.

ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు. చిన్నత్త ఈ చివర, ఆమె ఆ చివర.

ఇప్పుడు అనుమానం గింజ ఎవరికి చూపించాలి? వేరే ఎవరికో చెయ్యి చాపితే వాళ్ళు చూడనట్టు తల దించుకునేవాళ్ళు. అట్లాగని ఆమె ఒంటరిగా తేల్చదు. అన్నీ తాలులో పడెయ్యొచ్చు, కానీ బాగున్న గింజను గుంటలో వెయ్యడం కూడా ఆమెకు ఇష్టం లేదు. అందుకని అనుమానం వచ్చినవి కొంగులో ముడేసుకుని ఇంటికి తెచ్చేది. ముందు యజమానిని అడిగింది. ఆయన నవ్వి, ఆ గుప్పెడు గింజలకు నన్నడగాలా అన్నాడు.

అలా నేను ఆమెకు రెండో కన్ను అయ్యాను. సాయంత్రం ఆమె వచ్చి మా తిన్నె మీద కూర్చుని ముడి విప్పేది. నేను మిషను ఆపి వచ్చేదాన్ని. పళ్ళెంలో పోసి ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెట్టేది.

"నీ కంటికి ఎట్లుండాది?"

"బాగానే ఉండాది గదత్తా."

"మొలక సోటు సూడు. నల్లగా లేదా?"

"నీడేమో."

"నీడో, బూజో, నీకే తెలీలేదు. అవతల పెట్టు."

మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. ఊరినిండా మూటలు మూటలుగా పోతుంటే ఈ గుప్పెడు గింజలకు పంచాయితీ ఏమిటని. తర్వాత అలవాటైంది. ఇంకొన్నాళ్ళకు ఆ పూట కోసం ఎదురుచూడడం మొదలైంది. ఎందుకంటే గింజలు అయిపోయాక కూడా ఆమె లేచేది కాదు. పుదూరు పక్కన మా నాన్న పుట్టిన ఊరి కబుర్లు, పోయినవాళ్ళ పెళ్ళిళ్ళు, నేను ఎప్పుడూ చూడని నాయనమ్మ కోపాలు, ఇవన్నీ ఆ పళ్ళెం ముందరే విన్నాను. నాకు తెలిసిన పాత మాటల్లో సగం అక్కడ నేర్చుకున్నవే. బాగున్న గింజలు వేయించి ఇద్దరం తినేవాళ్ళం. రోజూ కొట్టంలో ఏం జరిగిందో చెప్పేది. చివరికి మాత్రం ఒకే మాట చెప్పేది. "ఈ దినం గూడా ఆమె మాట్లాడలేదు."

ఏళ్ళు గడిచాయి. వీళ్ళిద్దరూ తప్ప వరసలో పాతవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. కొత్తవాళ్ళకు ఒకప్పుడు తాలు ఇంటికి ఇచ్చేవాళ్ళన్న సంగతే తెలియదు. గుంటలో పొయ్యడం వాళ్ళకు మామూలు పని. వాళ్ళు చిన్నత్తతో బాగానే మాట్లాడేవాళ్ళు, గింజ చూపిస్తే చూసేవాళ్ళు కూడా. కానీ ఆమె చూపించలేదు. కొంగులో ముడేసుకుని రావడం మానలేదు. "ఆ పిల్లోల్ల కండ్లు సెల్లు మీదనే ఉంటాయి" అని వంక చెప్పేది. నాకు తెలుసు, అది వంక. పక్కన ఉన్న ఆ ఖాళీని ఆమె ఇంకొకరికి ఇవ్వదల్చుకోలేదు.

బంధువుల ఇళ్ళకు పోతే ఆమెతో మహా తిప్పలు. మా వైపు కాయలు ఒలిచేముందు నీళ్ళు చల్లే అలవాటుంది. పొట్టు మెత్తబడి వేళ్ళకు శ్రమ తగ్గుతుంది, పప్పు విరగదు. నీళ్ళ చెంబు కనిపిస్తే చాలు, చిన్నత్త పీట లాక్కుని కూర్చునేది. "తడి సేస్తే బూజును పిలిసి కూసోబెట్టినట్టే. వేళ్ళు నొస్తే రెండు దినాల్లో పోతాది" అని మొదలుపెట్టేది. తన ఎండిన వేళ్ళు చూపించేది. తర్వాత గదిలోకి పోయి, మూట చెక్కల మీద ఉందా, నేల మీద ఉందా చూసేది. నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, గలగలమనకపోతే ఇంకో రెండు ఎండలు పెట్టమనేది. పెళ్ళికి పిలిచినవాళ్ళు పెళ్ళి కొడుకును చూడమంటే ఈమె గాదె చూస్తోందని నేను ఏడిపించేదాన్ని. నవ్వేది, కానీ మానేది కాదు. కొందరు ఆమె చెప్పినట్టు చేశారు. కొందరు మమ్మల్ని పిలవడమే మానేశారు.

అంతా తనకే తెలుసని ఆమె ఎప్పుడూ అనలేదు. ఒక సాయంత్రం పళ్ళెంలో గింజలను వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. తర్వాత అంది, "డాక్టరమ్మ సెప్పింది పాపా. కొన్నిట్లో విసం కంటికి కనపడదంట. బయట అంతా బాగుంటాదంట. నేనేమో కనపడేదే తీస్తుండా." ఆ రోజు ఆమె గొంతులో ఉన్న దిగులు నాకు ఇప్పటికీ గుర్తుంది. కాసేపటికి ఆమే ఇంకో గింజ తీసి నా అరచేతిలో పెట్టింది.

చివరి సాయంత్రం కరెంటు పోయింది. ఆమె కొంగు ముడితో వచ్చి తిన్నె మీద కూర్చుంది. ముడి విప్పబోయి ఆగింది. "ఈ సీకట్లో ఏం కనపడతాది? పొద్దున ఎలుతుర్లో సూస్తాము" అంది. కాసేపు కబుర్లు చెప్పుకున్నాం. తెల్లారేసరికి కొడుకు ఫోన్ చేశాడట, మనవరాలికి చెవులు కుట్టిస్తున్నాం రమ్మని. పని చీర విప్పి తీగ మీద వేసి, మంచి చీర కట్టుకుని మొదటి బస్సుకు పోయింది. పోతూ నా తలుపు కొట్టి, "వస్తానే సూస్తాము" అంది, రాగానే ఆ గింజలు చూద్దామని. రాలేదు. చెవులు కుట్టిన మర్నాడు మధ్యాహ్నం భోంచేసి పడుకుంది, లేవలేదు.

నేను బస్సెక్కి విరుదునగరం పోయాను. కొడుకు నన్ను చూసి ఏడ్చాడు. ఇంటినిండా వాళ్ళ గోడౌన్ వాళ్ళు, వీధివాళ్ళు. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని అరవంలో రాగం తీసి ఏడుస్తున్నారు. నాకు ఏడుపు వచ్చింది గానీ మాట రాలేదు. అత్తా అని పిలిచి నాలుగు మాటలు చెప్పి ఏడవాలనిపించింది. నా తెలుగు విని అందరూ నా వైపు తిరుగుతారని సిగ్గేసింది. తిరుపతిలో పడ్డ ఆ సిగ్గే. అంతమందిలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. సాగనంపే ముందు ఆమె నోట్లో బియ్యం వేసే వేళకు అందరి చేతుల్లో నాలుగేసి గింజలు పోశారు. నా వంతు వచ్చేదాకా అరచెయ్యి చూసుకుంటూ నిలబడ్డాను. ఒక గింజ నల్లగా ఉంది. తీసి పక్కన పడేసి, మిగతావి ఆమె నోట్లో వేశాను. ఆ పని చేశానని తర్వాతగానీ నాకే తెలియలేదు.

కర్మలు అయ్యాక ఇంటికి వచ్చాను. ఇల్లు ఖాళీ చెయ్యడానికి కొడుకు తర్వాత వస్తానన్నాడు, తాళం నా దగ్గరే ఉంది. లోపలికి పోతే పని చీర తీగ మీద ఉన్నట్టే ఉంది. కొంగు మూల ముడి. పట్టుకుంటే లోపల గింజలు తగిలాయి. విప్పలేకపోయాను. చీర తెచ్చి మా తిన్నె మీద పెట్టుకుని కూర్చున్నాను. విప్పి ఎవరికి చూపించాలి? ఆమె కన్ను కావాలి కదా. నా ఒక్క కంటితో తేల్చడానికి వీల్లేదు.

అప్పుడు వీధిలోంచి పక్కచేట అక్క వచ్చింది. విరుదునగరానికి రాలేదు. మా ఇంటికి వచ్చి ఎన్ని ఏళ్ళయిందో. తిన్నె కింద నిలబడి చీర వైపు చూసింది. కూర్చోమన్నాను. కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు, పక్కన పెట్టుకుంది.

"ముడి ఉందా ఇంకా?" అని అడిగింది అరవంలో.

ఆమెకు ముడి సంగతి తెలుసని నాకు తెలియదు. రోజూ సాయంత్రం ఆ చివర నుంచి చూసేదట. చిన్నత్త ముడేసుకోవడం, ముడేసుకుంటూ ఒకసారి తన వైపు చూడడం. "నా వైపు చెయ్యి చాపి ఉంటే వచ్చేదాన్ని. ఒక్కసారి కూడా చాపలేదు" అంది.

నాకు కోపం వచ్చింది. "నువ్వు మాట్లాడితే చాపేది కాదా" అన్నాను.

అక్క ఆ చీర కొంగు ముడిని వేలితో తడిమింది. తర్వాత చెప్పింది. గ్లాసు కింద పెట్టిన ఆ సాయంత్రమే తన కోడలు భయపడి పాలు పారబోసిందని. తను ఆ రాత్రి నుంచే ఆవుకు తాలు మానేసిందని. ఇంట్లో ఉన్న సంచి కూడా పాతిపెట్టేసిందని. "మానేశానని చెప్పాలంటే, ఆమె చెప్పింది నిజమని ఒప్పుకోవాలి. అంతమంది ముందు నన్నలా అన్నాక నోరు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను." పిల్లవాడు ఇప్పుడు పెద్ద క్లాసు చదువుతున్నాడట.

చిన్నత్త ఇది వినకుండా పోయింది. ఇన్ని ఏళ్ళూ ఆ పిల్లవాడు ఏ పాలు తాగుతున్నాడోనని ఆమె లోలోపల కుమిలింది, ఈ ఒక్క మాట కోసం. నాకు ఏడుపు ఆగలేదు. అక్క నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, ఓదార్చలేదు. చీర తన ఒళ్ళోకి లాక్కుని ముడి విప్పింది. పళ్ళెం లేదు. తన అరచేతిలోనే పోసుకుంది. ఒక గింజ తీసి నా చేతిలో పెట్టి, కళ్ళు చిట్లించి అడిగింది.

"ఎట్లుండాది?"

ఆమెకు వచ్చిన తెలుగు అంతే. చిన్నత్త గొంతులో ఎలా ఉండేదో అలాగే అడిగింది. నేను కళ్ళు తుడుచుకుని చూశాను. బాగుందన్నాను. ఆమె తలూపింది. ఇంకొకటి. ఇంకొకటి. కొన్ని మంచివి, కొన్ని తాలు. ఎక్కడా పేచీ రాలేదు. ఆఖరి గింజ దగ్గర మాత్రం ఆమె బాగుందంది, నేను లేదన్నాను. మొలక చోట కొంచెం నలుపు. నీడే అంది ఆమె. ఎండలో పట్టి చూశాం. తేలలేదు.

"కుదరకపోతే గుంటలోకి" అంది అక్క. తాలుతో పాటు ఆ గింజను కూడా తన కొంగు మూలలో ముడేసుకుంది. రేపు కొట్టానికి పోయినప్పుడు వేస్తానంది. మంచినీళ్ళు అప్పుడు తాగింది. లేచి వీధి చివరిదాకా పోయేవరకు ఆ చిన్న ముడి ఆమె వీపు వెనక ఊగుతూనే ఉంది.

మంచి గింజలు వేయించలేదు. ఒక్కదాన్నే తినాలనిపించలేదు. డబ్బాలో పోసి పెట్టాను, అక్క మళ్ళీ వస్తే చూడాలి. చిన్నత్త పని చీర ఉతికి ఆరేసి, ఇస్త్రీ చేశాను. చీరంతా సాఫుగా వచ్చింది. కొంగు మూల మాత్రం, ఇన్నేళ్ళు రోజూ ముడేసిన చోట, ముడతలు అలాగే ఉన్నాయి. నీళ్ళు చల్లి ఇంకోసారి చేస్తే పోతాయేమో. చెయ్యలేదు, అలాగే మడతపెట్టాను.